రెండు బంట్లు పోతే పోనీ: డేనిష్ గాంబిట్ ఆడటం ఎలా

హైదరాబాద్‌లో ఏ ఆదివారం ర్యాపిడ్ చెస్ (తక్కువ సమయంలో ముగిసే ఆటల) టోర్నమెంట్‌కు వెళ్లినా ఈ దృశ్యం కనిపిస్తుంది. 1. ఈ4 ఈ5 (ఇద్దరి రాజు ముందు బంట్లూ రెండేసి గడులు ముందుకు) పడగానే పిల్లల చేతులు ఆలోచనతో పని లేకుండా కదిలిపోతుంటాయి. గుర్రం, గుర్రం, బిషప్, బిషప్. కోచింగ్‌లో చెప్పిన ఇటాలియన్ ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే పద్ధతి) పది ఎత్తుల దాకా కంఠతా వచ్చు. ఆ ధార రెండో ఎత్తులోనే తెగాలంటే, అవతలివాళ్లు మూడో ఎత్తు నుంచే సొంత బుర్రతో ఆడాల్సి రావాలంటే, డేనిష్ గాంబిట్ (గాంబిట్ అంటే మొదట్లోనే బంట్లు బలిచ్చి పావులను ముందు బయటికి తేవడం) లాంటి ఓపెనింగ్ మరొకటి దొరకడం కష్టం.

ఇది ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పేస్తాను. రేటింగ్ 1000 నుంచి 1700 దాకా ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ర్యాపిడ్, బ్లిట్జ్ (ఇంకా వేగమైన ఆట) ఆడేవాళ్లకు బాగా పనికొస్తుంది. 2002లో ఆనంద్ ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) వరల్డ్ కప్ గెలిచింది మన నగరంలోనే. కానీ ఆ స్థాయి టోర్నమెంట్లలో డేనిష్ చూద్దామని ఆశ పెట్టుకోకండి. నల్లవాళ్లు సరిగ్గా ఆడితే తెల్లవాళ్లకు ప్రత్యేకంగా మిగిలేదేమీ లేదని చాలా కాలం క్రితమే తేలిపోయింది. అయినా ఎందుకు నేర్చుకోవాలంటే, సమయం విలువ ఎంతో చేత్తో పట్టుకుని చూపించే ఓపెనింగ్ ఇది. పైగా ఆ "సరిగ్గా" అన్నది తెలిసినవాళ్లు మన హాళ్లలో ఎక్కువమంది ఉండరు.

ఎత్తులు, వాటి వెనక లెక్క

గడులకు ఇక్కడ ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ, హెచ్ అనే నిలువు వరసల పేర్లే వాడుతున్నాను. పావు పేరు చెప్పకపోతే కదిలింది బంటు అని అర్థం. × గుర్తు ఉంటే కొట్టడం. ఎత్తు సంఖ్య తర్వాత మూడు చుక్కలుంటే అది నల్లవాళ్ల ఎత్తు.

1. ఈ4 ఈ5
2. డీ4 ఈ×డీ4
3. సీ3 డీ×సీ3
4. బిషప్ సీ4 సీ×బీ2
5. బిషప్×బీ2

ఇక్కడ ఆగి బోర్డు మీద పావులు పేర్చి చూడండి. తెల్లవాళ్లకు ఐదు బంట్లు, నల్లవాళ్లకు ఏడు. కానీ నల్లవాళ్లు ఇంతవరకు ఆడిన నాలుగు ఎత్తులూ ఒకే బంటుతో ఆడినవి. అది కూడా ఇప్పుడు బోర్డు మీద లేదు. వాళ్ల పావు ఒక్కటి కూడా ఇల్లు కదల్లేదు. మన బిషప్‌లు రెండూ పక్కపక్క ఏటవాలు గీతల మీద కూర్చుని ఒకటి ఎఫ్7ను, మరొకటి జీ7ను చూస్తున్నాయి. డీ వరస మన వైపు ఖాళీ, ఈ వరస వాళ్ల వైపు ఖాళీ.

చిట్టీ ముందే పాడుకోవడం లాంటిది ఇది. డబ్బు చేతికి తొందరగా వస్తుంది, తగ్గించి వస్తుంది. వెంటనే దేనికో ఒకదానికి వాడితేనే లాభం, బీరువాలో పెట్టుకుంటే మిగిలేది నష్టమే. పన్నెండో ఎత్తు దాటేసరికి నల్లవాళ్లు కాస్లింగ్ (రాజును ఏనుగు చాటుకు చేర్చే ఎత్తు) చేసుకుని పావులన్నీ బయటికి తెచ్చుకున్నారంటే మనకు రెండు బంట్ల లోటు తప్ప ఇంకేమీ ఉండదు.

నాలుగో ఎత్తులో బిషప్ బదులు గుర్రం×సీ3 ఆడి ఒక్క బంటుతో సరిపెట్టుకునే పద్ధతి కూడా ఉంది. దానికి ప్రపంచ చాంపియన్ అలెఖైన్ పేరు పెట్టారు. రెండో బంటు ఇవ్వడానికి చెయ్యి వణుకుతుంటే దానితో మొదలుపెట్టండి, తప్పేం లేదు. కానీ బీ2 బిషప్ ఆ గీత మీదికి రావడంలోని మజా అందులో లేదు.

ఐదో ఎత్తు తర్వాత చేతులకు చెప్పాల్సినవి

కంఠతా పట్టాల్సిన లైన్లు తక్కువే. ఏ ఎత్తు ఆడబోయినా ఇవి గుర్తుండాలి.

ముందు గుర్రాలు, కాస్లింగ్. ఆ తర్వాతే దాడి. ఐదు ఎత్తుల్లో మేట్ చేసేయాలన్న తొందరలో క్వీన్‌ను ఒంటరిగా పంపేవాళ్లు ఈ ఓపెనింగ్‌లో చాలామంది కనిపిస్తారు. బంట్లు ఇచ్చింది పావులు బయటికి తేవడానికి. అవి తేకుండా క్వీన్‌తో షికారు చేస్తే ఇచ్చిందంతా వృథా.

జీ1 గుర్రం మామూలుగా ఎఫ్3కి వెళ్తుంది. ఈ4 బంటు దాడిలో ఉండి, సీ3 గుర్రానికి ఆసరా కావాల్సి వస్తే ఈ2 మేలు. క్వీన్‌కు మంచి చోటు బీ3. అక్కడి నుంచి బిషప్ వెనక నిలబడి ఎఫ్7 మీద ఒత్తిడి రెట్టింపు చేస్తుంది, దారి తెరుచుకుంటే బీ7 కూడా దానికి అందుతుంది. ఏనుగులు డీ1, ఈ1కి.

పోయిన బంటు వెనక్కి తెచ్చుకోవడానికి రెండు మూడు ఎత్తులు ఖర్చు పెట్టకండి. పావులు మార్చుకునే అవకాశం వస్తే, ముఖ్యంగా క్వీన్లు, మార్పు తర్వాత బంట్ల లెక్క ఎంతో చూసుకుని మరీ మార్చండి. తక్కువ బంట్లతో ఎండ్‌గేమ్‌లోకి (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశలోకి) వెళ్లడమంటే మనంతట మనమే ఓటమి వైపు నడవడం.

ఆశకు పోయే క్వీన్

క్లబ్ స్థాయిలో తరచూ వచ్చే తప్పు 5... క్వీన్ జీ5. జీ2 బంటు తినేద్దామని. భయపడకుండా 6. గుర్రం ఎఫ్3 ఆడండి. క్వీన్ మీద దాడి జరిగింది, మన గుర్రం కూడా బయటికి వచ్చింది. 6... క్వీన్×జీ2 అంటే 7. ఏనుగు జీ1. ఇప్పుడు ఆ క్వీన్‌కు క్షేమంగా పోవడానికి హెచ్3 ఒక్కటే చోటు. 7... క్వీన్ హెచ్3.

అప్పుడు 8. బిషప్×ఎఫ్7 చెక్! రాజు కొడితే 9. గుర్రం జీ5 చెక్. ఆ గుర్రం ఒకేసారి ఎఫ్7లోని రాజునూ, హెచ్3లోని క్వీన్‌నూ పట్టుకుంది. జీ5ను కొట్టగలిగే నల్లపావు ఒక్కటి కూడా లేదు. రాజు కొట్టకుండా పక్కకు జరిగితే ఎఫ్7 బంటు మనది, రాజుకు కాస్లింగ్ లేదు, క్వీన్ ఇంకా దారి వెతుక్కుంటూనే ఉంటుంది.

5... బిషప్ బీ4 చెక్

దీన్ని లోతుగా చూద్దాం. సహజంగా కనిపించే ఎత్తు కాబట్టి ఎక్కువమంది ఆడతారు. మన జవాబు 6. గుర్రం సీ3. నల్లవాళ్ల బిషప్ ఎఫ్8 వదిలేసింది కాబట్టి జీ7 బంటుకు ఇప్పుడు కాపలా ఎవరూ లేరు. సీ3 గుర్రం కాస్త పక్కకు జరిగినా, మారిపోయినా బీ2 బిషప్ గీత మొత్తం తెరుచుకుంటుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా ఎత్తులన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

6... గుర్రం ఎఫ్6 7. గుర్రం ఈ2. ఇక్కడ ఎఫ్3 కాదు, ఈ2. సీ3కి ఆసరా కోసం. నల్లవాళ్లు మూడో బంటు కూడా లాగేస్తారు: 7... గుర్రం×ఈ4. మనం టెన్షన్ పడకుండా 8. కాస్లింగ్. ఈ4 గుర్రం సీ3ని కొడుతుంది, 8... గుర్రం×సీ3 9. గుర్రం×సీ3. ఈసారి బీ4 బిషప్ కొడుతుంది, 9... బిషప్×సీ3 10. బిషప్×సీ3.

మూడు బంట్లు తక్కువ. చూసేవాళ్లు అయ్యో అనుకుంటారు. కానీ నల్లవాళ్ల రాజు చుట్టూ ఎవరున్నారో చూడండి. 10... కాస్లింగ్ చేశారనుకుందాం. 11. క్వీన్ జీ4, జీ7లో మేట్ బెదిరింపు. ఎఫ్7 బంటును ముందుకు తోయలేరు, సీ4 బిషప్ దాన్ని రాజుకు పిన్ చేసి (కదిలితే రాజుకు చెక్ పడేలా కట్టేసి) ఉంచింది. 11... జీ6 తప్పనిసరి. 12. క్వీన్ డీ4! మళ్లీ అదే గీత, ఈసారి క్వీన్ ముందు, బిషప్ వెనక. జీ7లో మేట్ ఆగాలంటే ఎఫ్6లో నల్ల క్వీన్‌ను బలి ఇవ్వాలి. ఇచ్చినా అది ఒక్క ఎత్తు వాయిదా మాత్రమే.

పదో ఎత్తులో కాస్లింగ్ బదులు 10... క్వీన్ జీ5 ఆడే తెలివైనవాళ్లు కూడా ఉంటారు. అప్పుడు 11. ఏనుగు ఈ1 చెక్. రాజు డీ8కో ఎఫ్8కో పోవాలి, కాస్లింగ్ హక్కు పోయినట్టే. ఎఫ్8కి పోతే 12. బిషప్ బీ4 చెక్ కూడా ఉంది. మూడు బంట్ల లోటుతో ఆడుతున్నా తెల్లవాళ్ల వైపు ఆడటమే నాకు ఇష్టం.

ష్లెక్టర్ జవాబు: అసలు చదువు ఇక్కడే

ఈ ఓపెనింగ్‌ను పై స్థాయి నుంచి దింపేసింది ఒక్క ఎత్తు: 5... డీ5! దీనికి వియన్నా ఆటగాడు కార్ల్ ష్లెక్టర్ పేరు వచ్చింది. 1910లో ప్రపంచ చాంపియన్ లాస్కర్‌తో మ్యాచ్ ఆడి 5-5తో సమం చేసిన మనిషి. ఆయన ఆలోచన సూటిగా ఉంటుంది: తిన్నది తిరిగి ఇచ్చేసి, పావులు బయటికి తెచ్చుకోవడం.

6. బిషప్×డీ5 గుర్రం ఎఫ్6. బిషప్ మీద దాడి. ఇప్పుడు చిన్న ట్రిక్కు: 7. బిషప్×ఎఫ్7 చెక్ రాజు×ఎఫ్7 8. క్వీన్×డీ8. నల్ల క్వీన్ పోయిందని పక్క బోర్డులవాళ్లు కూడా తల తిప్పి చూస్తారు. కానీ 8... బిషప్ బీ4 చెక్. బిషప్ ఎఫ్8 నుంచి జరగగానే హెచ్8 ఏనుగు మన క్వీన్‌ను చూస్తోంది. చెక్‌కు క్వీన్‌ను అడ్డం పెట్టడమే దారి: 9. క్వీన్ డీ2 బిషప్×డీ2 చెక్ 10. గుర్రం×డీ2.

లెక్క సరిచూసుకోండి. ఇద్దరికీ ఐదేసి బంట్లు, రెండేసి ఏనుగులు, రెండేసి గుర్రాలు, ఒక్కో బిషప్. క్వీన్లు లేవు. రెండు బంట్లూ వెనక్కి వచ్చాయి. కానీ మేట్ కోసం వచ్చినవాడి ముందు ఇప్పుడు ఎండ్‌గేమ్ ఉంది. డేనిష్ ఆడే చాలామంది ఓడిపోయేది ఇక్కడే. స్థానం చెడ్డది కాదు, మనసు ఎండ్‌గేమ్‌కు సిద్ధంగా ఉండదు, అంతే.

కాబట్టి ఈ స్థానాన్ని ముందే ఇంట్లో ఆడి ఉండాలి. బంట్ల అమరిక చూడండి: క్వీన్ వైపు నల్లవాళ్లకు మూడు, మనకు ఒకటి. రాజు వైపు మనకు నాలుగు, వాళ్లకు రెండు. వాళ్లు సీ బంటును, బీ బంటును ముందుకు తోస్తారు. మనం ఎఫ్, ఈ బంట్లను కలిపి నడిపించాలి. 10... ఏనుగు ఈ8తో ఈ4 మీద ఒత్తిడి పెడితే 11. ఎఫ్3 ఆడి గట్టి చేసుకుని, గుర్రాన్ని ఈ2కి, రాజును ఎఫ్2కి తేవచ్చు. క్వీన్లు లేవు కాబట్టి రాజు మధ్యలో ఉండటమే మంచిది. మన బిషప్ గీత పొడవుగా ఉంది, జీ7 బంటును అదెప్పుడూ చూస్తూనే ఉంటుంది. నల్లవాళ్ల క్వీన్ వైపు బంట్లు కదలకముందే ఒక ఏనుగును సీ వరసలో నిలబెట్టండి.

క్వీన్లు మార్చడం అస్సలు ఇష్టం లేనివాళ్లకు ఏడో ఎత్తులో ఇంకో దారి ఉంది: 7. గుర్రం సీ3. ఒక బంటు తక్కువే, బిషప్ కూడా మారిపోతుంది: 7... గుర్రం×డీ5 8. గుర్రం×డీ5. ఇక్కడ నల్లవాళ్లు ఆ గుర్రాన్ని తరుముదామని 8... సీ6 ఆడితే మన పంట పండినట్టే. 9. గుర్రం ఎఫ్6 చెక్! జీ×ఎఫ్6 10. క్వీన్×డీ8 చెక్ రాజు×డీ8 11. బిషప్×ఎఫ్6 చెక్, తర్వాత హెచ్8లో ఏనుగు మనదే. కానీ 8... గుర్రం డీ7 ఆడగలిగినవాడికి ఆ బంటు ఆధిక్యం అలాగే మిగిలిపోతుంది. బ్లిట్జ్‌లో నేను ఈ దారి చెబుతాను, ర్యాపిడ్‌లో మాత్రం ఎండ్‌గేమ్ వైపే మొగ్గుతాను.

తిననివాళ్లు

3. సీ3 తర్వాత బంటు తినకుండా 3... డీ5 కొట్టేవాళ్లు తెలిసి ఆడుతున్నవాళ్లు. 4. ఈ×డీ5 క్వీన్×డీ5 5. సీ×డీ4 గుర్రం సీ6 6. గుర్రం ఎఫ్3 బిషప్ జీ4 7. బిషప్ ఈ2 బిషప్ బీ4 చెక్ 8. గుర్రం సీ3 బిషప్×ఎఫ్3 9. బిషప్×ఎఫ్3 క్వీన్ సీ4. ఆ చివరి ఎత్తు మనల్ని కాస్లింగ్ చేయనివ్వదు. 1926లో అమెరికాలోని లేక్ హోపాట్‌కాంగ్ టోర్నమెంట్‌లో అమెరికా ఆటగాడు మార్షల్ మీద అప్పటి ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకా ఆడిన పద్ధతి ఇది. దాడి ఆటగాడికి చిరాకు తెప్పించే లైన్. ప్రశాంతంగా 10. బిషప్×సీ6 చెక్ బీ×సీ6 11. క్వీన్ ఈ2 చెక్ క్వీన్×ఈ2 చెక్ 12. రాజు×ఈ2 ఆడేయండి. సమానం. మనకు డీ4లో ఒంటరి బంటు, వాళ్లకు సీ వరసలో జంట బంట్లు. మిగతాది ఎవరికి ఎండ్‌గేమ్ బాగా వస్తే వాళ్లది.

3... క్వీన్ ఈ7 కూడా అప్పుడప్పుడు వస్తుంది. 4. సీ×డీ4 క్వీన్×ఈ4 చెక్ 5. బిషప్ ఈ3. తర్వాత గుర్రం సీ3కి రాగానే క్వీన్ పరిగెత్తాల్సిందే. ఒక బంటుకు ఇంత ఉచిత సమయం దొరకడం మనకు లాభమే.

3... గుర్రం ఎఫ్6కు 4. ఈ5, ఆ తర్వాత డీ4 బంటును తీసుకోవడం. 3... డీ×సీ3 4. బిషప్ సీ4 తర్వాత బీ2ని వదిలేసి 4... డీ6 ఆడితే 5. గుర్రం×సీ3, తర్వాత గుర్రం ఎఫ్3, క్వీన్ బీ3. రెండో ఎత్తులోనే 2... గుర్రం సీ6 అంటే 3. గుర్రం ఎఫ్3 ఆడి స్కాచ్ అనే ఓపెనింగ్‌లోకి వెళ్లండి, గాంబిట్ అక్కడితో మరిచిపోండి.

సిసిలియన్ ఎదురైతే

1. ఈ4కు అందరూ ఈ5 ఆడరు. 1... సీ5 (దీన్నే సిసిలియన్ అంటారు) వచ్చినా ఇదే ఆలోచన ఒక్క బంటుతో పనిచేస్తుంది: 2. డీ4 సీ×డీ4 3. సీ3 డీ×సీ3 4. గుర్రం×సీ3. స్మిత్-మోరా గాంబిట్ అంటారు. ఫ్రాన్స్‌కు చెందిన పియర్ మోరా, అమెరికాకు చెందిన కెన్ స్మిత్ పేర్ల మీద. స్మిత్ 1972లో శాన్ ఆంటోనియోలో గొప్ప ఆటగాళ్ల మీద దీన్ని మూడుసార్లు ఆడి మూడూ ఓడిపోయాడు. అదే టోర్నమెంట్‌లో ఒకరు స్మిత్‌కు ఫ్రెంచ్ డిఫెన్స్‌తో (1... ఈ6) జవాబిస్తే, "1... సీ5 మేలు, ఒక బంటు వస్తుంది" అన్న అర్థం వచ్చేలా డెన్మార్క్ గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్ వ్యాఖ్య రాశాడు. అయినా గాంబిట్ మాత్రం బతికే ఉంది.

ఇందులో తెల్లవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన ఉచ్చు ఒకటి ఉంది, సైబీరియన్ ట్రాప్. 4... గుర్రం సీ6 5. గుర్రం ఎఫ్3 ఈ6 6. బిషప్ సీ4 క్వీన్ సీ7 7. కాస్లింగ్ గుర్రం ఎఫ్6 8. క్వీన్ ఈ2 గుర్రం జీ4. ఇక్కడ ఆ గుర్రాన్ని తరిమేద్దామని 9. హెచ్3 ఆడితే 9... గుర్రం డీ4! మన క్వీన్ మీద దాడి. ఎఫ్3 గుర్రంతో డీ4ని కొడితే హెచ్2లో క్వీన్ మేట్. హెచ్3 కంటే ముందు 9. గుర్రం బీ5 ఆడండి. క్వీన్ జరగాలి, పైగా డీ4కి వచ్చే గుర్రాన్ని బీ5 గుర్రమే కొట్టగలదు, ఎఫ్3 గుర్రం హెచ్2 కాపలా వదలక్కర్లేదు.

సాధన ఎలా

మొదటి వారం ఫోన్ ముట్టుకోకండి. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో కూర్చుని మూడు నిమిషాల బ్లిట్జ్ ఆడితే డేనిష్‌లో గెలుపులు వస్తాయి, అవతలివాళ్లు తప్పులు చేస్తారు కాబట్టి. కానీ నేర్చుకునేది శూన్యం. బోర్డు తీసి, ష్లెక్టర్ ఎండ్‌గేమ్‌లో పదో ఎత్తు తర్వాతి స్థానం పేర్చి, ఇంట్లో ఎవరో ఒకరితో రెండు వైపులా మార్చి మార్చి ఆడండి. తోడు దొరకకపోతే చెస్ ఇంజిన్‌ను (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) తక్కువ స్థాయిలో పెట్టుకోండి.

తర్వాత బీ4 చెక్ లైన్. చదవకుండా, ప్రతి ఎత్తు ఎందుకో పైకి చెబుతూ ఆడగలగాలి. "ఈ2 ఎందుకు, ఎఫ్3 ఎందుకు కాదు" అన్నదానికి జవాబు రాకపోతే ఆ లైన్ మీకు రాలేదనే అర్థం. ఆ తర్వాతే ఆన్‌లైన్ ఆటలు, అవి కూడా పది నిమిషాల కంటే తక్కువ వద్దు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత చెస్ పుస్తకాలు తగిలితే, మార్షల్, బ్లాక్‌బర్న్, మీజెస్ ఆటలు ఉన్నాయేమో తిరగేయండి. వీళ్లంతా ఇది ఆడినవాళ్లే, పావులు ఎలా బయటికి తేవాలో వీళ్ల ఆటల్లో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇంజిన్ పెట్టి చూస్తే ఐదో ఎత్తు దగ్గర నల్లవాళ్లదే పైచేయి అని చూపిస్తుంది. అది నిజమే, దానితో వాదన అనవసరం. చూడాల్సింది ఆ అంకె కాదు. మీరు ఓడిన ఆటలో ఎన్నో ఎత్తు దగ్గర మీ పావుల ముందంజ కరిగిపోయిందో అది వెతకండి. సాధారణంగా అక్కడ అనవసరమైన క్వీన్ ఎత్తో, బంటు వెనక్కి తెచ్చుకునే ప్రయత్నమో దొరుకుతుంది.

టోర్నమెంట్‌లో గడియారం సంగతి: పదిహేను నిమిషాల ఆటలో మొదటి ఐదు ఎత్తులకు అర నిమిషం కూడా ఖర్చు కాకూడదు. అవతలి మనిషి అప్పటికే తల పట్టుకుని ఉంటారు. మిగిలిన సమయమంతా ఆరో ఎత్తు నుంచి పన్నెండో ఎత్తు మధ్య వాడుకోండి.

నల్లపావులతో కూర్చున్నప్పుడు మీ మీదే ఎవరైనా ఇది ప్రయోగిస్తే రెండు జవాబులు సరిపోతాయి. ఎండ్‌గేమ్ బాగా వస్తే బంట్లు రెండూ తిని 5... డీ5. తల నొప్పి వద్దనుకుంటే మూడో ఎత్తులోనే 3... డీ5. రెండూ సగం సగం నేర్చుకోకుండా ఒకటి ఎంచుకుని, 5... క్వీన్ జీ5 జోలికి మాత్రం వెళ్లకండి.